నేల మింగిన మా బావ

ఆ రోజుల్లో మా భిలాయిలో అసూయ పడడానికి పెద్దగా ఏమీ దొరికేది కాదు. అందరివీ ఒకేలాంటి క్వార్టర్లు, ఒకే రంగు సున్నం, వెనకవైపు ఒకేలాంటి జామచెట్టు. అందరి నాన్నలూ ఒకే ఉక్కు ప్లాంటుకి వెళ్ళేవారు, అందరి అమ్మలూ ఆదివారం పవర్ హౌస్ మార్కెట్లో ఒకే కొట్టు దగ్గర ఒకే వంకాయల కోసం బేరమాడేవారు. కళ్ళల్లో నిప్పులు పోసుకుందామన్నా కారణం వెతుక్కోవలసిందే. నాకు మాత్రం ఆ శ్రమ లేకుండా మా మేనత్త ఒక కొడుకుని కని సిద్ధంగా పెట్టింది. నాకంటే కొన్ని నెలలు ముందు పుట్టాడన్న ఒక్క ఘనకార్యానికి వాణ్ణి నేను జీవితాంతం బావా అని పిలవాలి. వాడు భిలాయిలోనే అవతలి చివర మరోదాలో పెరిగినా శ్రీకాకుళంలో నిన్ననే రైలెక్కి వచ్చినట్టు తెలుగు మాట్లాడేవాడు. నా తెలుగులో సగం హిందీ, మిగతా సగం క్షమాపణ. ఊరినుంచి చుట్టాలు వస్తే వాడి చేత మాట్లాడించి మురిసిపోయేవారు, నన్ను చూసి "వీడికి తెలుగొచ్చా?" అని మా అమ్మని అడిగేవారు (నా ఎదురుగానే, నాకు అర్థం కాదన్న ధీమాతో).

అయితే ఒక్క రాజ్యంలో మాత్రం నేనే రాజుని. ఫోన్లో ఉచితంగా దొరికే ఒక మిలటరీ ఆట ఉండేది. విమానంలోంచి దూకడం, తుపాకీ వెతుక్కోవడం, కనిపించినవాణ్ణల్లా కాల్చడం, చివరికి మిగిలిన జట్టు గెలిచినట్టు. మేం డిప్లొమా చదివే రోజుల్లో మా సెక్టార్లో, అంటే మా కాలనీలో, ఆ ఆట ఆడని కుర్రాడంటే వాడి ఫోను పగిలిపోయి ఉండాలి. నలుగురుంటేనే జట్టు. నేను కెప్టెన్‌ని, లడ్డూ, చష్మా అని నా ఇద్దరు క్లాస్‌మేట్లు, నాలుగోవాడు దొరక్క మా బావ. ఆటలో అరటిపండు అంటారే, అది వాడు. పారాచూట్ దిగగానే ఏదో ఒక పాక వెనక చేరి బోర్లా పడుకునేవాడు. ఆట అయ్యేదాకా అక్కడే. మేం ముగ్గురం మైకుల్లో గొంతులు చించుకుంటుంటే వాడి మైకు ఎప్పుడూ మూసే ఉండేది. "అరే, కహా హై తూ?" అని లడ్డూ అరిచి అరిచి చచ్చిపోయాక (ఆటలోనే) వాడి దగ్గర్నించి ఒక మెసేజ్ వచ్చేది: "ఇక్కడే ఉన్నా." అందుకే వాడికి నత్త అని పేరు పెట్టాను. ఆ పేరు పెట్టిన రోజు రాత్రి నాకు చాలా హాయిగా నిద్ర పట్టింది.

ఆ ఏడు వినాయక చవితికి మా వీధి పందిరి కమిటీవాళ్ళు ఈ ఆటకి పోటీ పెట్టారు. కప్పు సంగతి అలా ఉంచండి, అసలు బహుమానం ఫ్లెక్సీ. గెలిచిన జట్టు బొమ్మలతో పందిరి ముందు పెద్ద ఫ్లెక్సీ కడతామన్నారు. ఫ్లెక్సీ అంటే తెలుసు కదా, కెప్టెన్ నిలువెత్తున మధ్యలో ఉంటాడు, మిగతావాళ్ళు చుట్టూ నిమ్మకాయలంత ఉంటారు. నవరాత్రులన్నీ సెక్టారంతా ఆ ముఖం ముందునుంచే ప్రసాదానికి వెళ్ళాలి. ఊరినుంచి వచ్చే చుట్టాలు కూడా. నేను పోటీకి పేర్లు కూడా ఇవ్వకముందే పక్క ఊరు దుర్గ్ వెళ్ళి, స్టూడియోలో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఫోటో దిగి వచ్చాను. ఇక గెలవడమే తరువాయి.

అప్పుడొచ్చింది అప్‌డేట్. కొత్త మ్యాపు, కొత్త తుపాకులు అని ముందునుంచీ ఊరించారు. సెక్టారంతా ఒకేసారి దించుకోవడంతో ఆ పూట ఎవరి ఫోనూ పనిచెయ్యలేదు. తీరా తెరిచి చూస్తే ఏముంది, జీపు ఎక్కితే అది గాలిపటంలా పైకి లేచిపోతోంది. పారాచూట్ నేలకి కొట్టుకున్నాక తెరుచుకుంటోంది. చష్మా సైనికుడి తల వెనక్కి తిరిగిపోయి, వాడు ముందుకి పరిగెత్తుతూ మా వైపే దీనంగా చూస్తున్నాడు. దేశమంతా గగ్గోలు. రివ్యూల పేజీ తెరిస్తే శాపనార్థాలే. ఒకడు నా బాల్యం తిరిగిచ్చెయ్యండి అన్నాడు. ఒకడు పెళ్ళాం వదిలేసినప్పుడు కూడా ఇంత బాధ పడలేదన్నాడు. చష్మా అన్నీ పెద్దక్షరాల్లో ఇంగ్లీషులో తిట్టాడు. లడ్డూ తిట్టడానికి మాటలు రాక ఏడుస్తున్న బొమ్మలు వరసగా పెట్టాడు. నేను ఒక్క నక్షత్రం ఇచ్చి, "ఏక్ స్టార్ భీ జ్యాదా హై" అని రాసి, కింద మా జట్టు పేరు, కెప్టెన్ హోదా కూడా వేసుకున్నాను. ఆ తిట్ల వరదలో ఒకేఒక్క అయిదు నక్షత్రాల రివ్యూ కనిపించింది, అచ్చ తెలుగులో: "చాలా బాగుంది. ధన్యవాదాలు." ఎవడా మహానుభావుడని చూస్తే మా బావ.

ఫోన్ చేశాను. "ఏం బాగుందిరా బావా నీ మొహం? జీపులు ఎగురుతున్నాయి!"

"నాను జీపెక్కనేదురా," అన్నాడు నెమ్మదిగా (వాడు ఫోన్లో ఎప్పుడూ గుసగుసగానే మాట్లాడేవాడు). "పడుకున్నాను. బానే ఉంది."

ఎందుకు బాగుందో ఆ సాయంత్రమే తెలిసింది. ఆ అప్‌డేట్‌లో ఉన్న వంద పొరపాట్లలో ఒకటేమిటంటే, ఎవడైనా కదలకుండా కాసేపు బోర్లా పడుకుంటే నేల వాణ్ణి మింగేస్తుంది. ఎవరికీ కనబడడు. వాడికి మాత్రం అందరూ కనబడతారు. మిగతా ప్రపంచానికి అది పొరపాటు, మా బావకి భూదేవి ఒడి. మేం ముగ్గురం పారాచూట్లతో నేలని గుద్దుకుని చచ్చాక, వాడొక్కడే గడ్డిలోంచి ఒక్కొక్కణ్ణీ ఏరేస్తూ ఆట గెలిపించాడు. తరవాతి ఆటా అంతే. లడ్డూ ఆనందానికి అంతులేదు. "భాయ్, తూ తో భూత్ హై!" అన్నాడు. నాకు కూడా బాగా ఆడావని మెసేజ్ పెట్టక తప్పలేదు. పెడుతుంటే కడుపులో మిరపకాయ బజ్జీల బాణలి పెట్టినట్టుంది.

నేనూ పడుకుని చూశాను. నేల మింగబోయే సమయానికి ఎక్కడో చప్పుడవుతుంది, నేను తుళ్ళిపడి లేస్తాను, ఎవడో కాలుస్తాడు. ఎన్నిసార్లు పడుకున్నా ఇదే తంతు. అవతల లడ్డూ, చష్మా నాకు చెప్పకుండానే తేల్చేశారు. "బురా మత్ మాన్ యార్," అన్నాడు చష్మా, "పోటీకి నత్త కెప్టెన్‌గా ఉంటేనే మంచిది." చేతులెత్తమన్నారు. నేనూ ఎత్తాను, నవ్వుతూనే ఎత్తాను. ఆ నవ్వు పెట్టుకోవడానికి పడ్డ కష్టం డిప్లొమా పరీక్షల్లో పడి ఉంటే ఫస్ట్ క్లాసు వచ్చేది. ఇంటికి వచ్చి దుర్గ్ ఫోటో తీసి చూసుకున్నాను. నిమ్మకాయంత చేస్తే ఆ కళ్ళద్దాలు కూడా కనబడవు.

అప్పటినుంచి ఆట కంపెనీకి ఫిర్యాదులు రాయడం మొదలుపెట్టాను. హిందీలో రాశాను, ఇంగ్లీషులో రాశాను, చేతనైన తెలుగులో కూడా రాశాను. జీపుల గురించి కాదు, పారాచూట్ల గురించి కాదు. జీపు ఎగిరితే ఎగరనివ్వండి, పడుకున్నవాణ్ణి మాత్రం పైకి తియ్యండి మహాప్రభో అని. కందకు లేని దురద కత్తికెందుకన్నట్టు, ఈ ఒక్క తప్పు మీదే నీకెందుకింత పట్టుదల అని వాళ్ళకి కూడా అనుమానం వచ్చి ఉంటుంది. సరిగ్గా పోటీకి ముందురోజు పొద్దున్న సవరణ వచ్చింది. జీపులు నేలకి దిగాయి. నేల మింగడం మానేసింది. దేశమంతా పండగ చేసుకుంది, నేను మాత్రం స్కూటీ తీసి మరోదా బయలుదేరాను. ఫోన్లో పరామర్శిస్తే ముఖం కనబడదు కదా.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా నాన్న ప్లాంటు ఆఫీసులో జనరల్ షిఫ్టు, పొద్దున్న వెళ్ళి సాయంత్రం వచ్చే ఉద్యోగం. బావ వాళ్ళ నాన్న, అంటే మా మావయ్యది ఫర్నేస్ దగ్గర పని, ఎక్కువగా సి షిఫ్టే, అంటే రాత్రంతా డ్యూటీ, పగలు నిద్ర. మా ఊళ్ళో సి షిఫ్టు మనిషి పగటి నిద్ర అంటే దేవుడి పవళింపు సేవకంటే ఎక్కువ. ఆ ఇంట్లో కుక్కర్ కూత వెయ్యదు, పప్పు గిన్నెలోనే ఉడుకుతుంది. కాలింగ్ బెల్లు తీగ పీకేసి ఉంటుంది. కూరలమ్మేవాడు కూడా ఆ గుమ్మం దాటేదాకా నోరు మూసుకుని బండి తోసుకుపోతాడు. ఇదంతా నాకు తెలిసినదే, కానీ తెలియడం వేరు, ఆ ఇంట్లో పెరగడం వేరు. మా ఇంట్లో పగలంతా టీవీ, మిక్సీ, మా అమ్మ, ముగ్గురూ పోటీ.

మేనత్త మూతి మీద వేలు పెట్టి తలుపు తీసింది. ముందు గదిలో మంచం మీద మావయ్య, కళ్ళకి తువ్వాలు కప్పుకుని. మంచం పక్కన చాప మీద బోర్లా పడుకుని మా బావ, చేతిలో ఫోను. చప్పుడు లేదు, చెవుల్లో ఇయర్‌ఫోన్లూ లేవు. నన్ను చూసి కనుబొమలతోనే రమ్మన్నాడు. నేను గుమ్మంలోనే చతికిలబడి మెడ చాచి చూశాను. ఆట నడుస్తోంది. వాడి సైనికుడు అలవాటు ప్రకారం గడ్డిలో పడుకున్నాడు. పాపం, ఇప్పుడు చక్కగా టోపీ బూట్లతో సహా కనబడుతున్నాడు. వెనకనుంచి శత్రువు ఒకడు తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి, నెత్తి మీద నిలబడి కాల్చేశాడు. ఆనందం ఆపుకోలేకపోయాను.

"చచ్చాడ్రా! మర్ గయా!" అని గదంతా దద్దరిల్లేలా అరిచాను.

మావయ్య ఒక్క ఉదుటున లేచి కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కాళ్ళు అప్పుడే ప్లాంటుకి పరిగెత్తడానికి చెప్పుల కోసం వెతుకుతున్నాయి. "ఎవుడు? ఎవుడ్రా? ఏ డిపార్ట్‌మెంటు?"

అత్త గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. బావ చాప మీదే లేచి కూర్చుని, "ఎవులూ కాదు నాన్నా," అన్నాడు. "నానే."

"నువ్వేటి?"

"ఆటలో సచ్చిపోనాను."

మావయ్య కాసేపు వాడి వైపు, కాసేపు నా వైపు చూశాడు. అత్త నన్ను గరిటెతో కొట్టలేదు గానీ, అంతకంటే గట్టిగానే అంది: "ఏరా, సి షిఫ్టు ఇంట్లో ఎలాగుండాలో తెల్దేటి? మీ ఇంట్లో ఉన్నట్టే అనుకున్నావేటి?" నాకు భూమిలోకి దూరిపోవాలనిపించింది, సవరణ వచ్చేసింది కాబట్టి కుదరలేదు. మావయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఇక నిద్ర రాదని తేల్చుకుని, "ఏదీ, ఇలాగియ్యి. ఎలాగ సచ్చిపోనావో సూపించు," అన్నాడు. బావ మంచం అంచున కూర్చుని ఇంకో ఆట మొదలుపెట్టాడు. దిగాడు. పాక వెనక చేరాడు. పడుకున్నాడు.

"పడుకుంటావేట్రా? లేసి పరిగెత్తు మరి."

"సౌండు నేదు గదా నాన్నా. ఎవుడు ఎటేపు నుంచి వస్తన్నాడో తెల్దు. అడుగుల సప్పుడు ఇనబడితేనే లేవాలి."

"సౌండెందుకు నేదు?"

"నువ్వు పడుకుంతావు గదా."

"సెవుల్లో పెట్టుకుంతారు గదా, అవున్నాయి గదా?"

"అవెట్టుకుంటే నువ్వు లేసి పిలిస్తే నాకు ఇనబడదు."

మావయ్య చేతిలో తువ్వాలు మడిచి మంచం మీద పెట్టాడు. అత్త గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. తరవాత మావయ్య, "పెట్టు," అన్నాడు. "పెద్దగెట్టు."

"గోడకి అటేపోళ్ళది కూడా సి షిఫ్టే," అంది అత్త.

"తలుపులేసీ."

అత్త తలుపులు వేసింది, ఆట చప్పుడు ఆ గదిలోకి మొదటిసారి వచ్చింది. మా బావ ఒక్క క్షణం తల వంచి విన్నాడు, వాడి సైనికుడు లేచాడు. వాడు నిలబడితే ఎంత ఎత్తుంటాడో అప్పుడే చూశాను. ఊపిరి మారితే చాలు నాన్న లేవబోతున్నాడని కనిపెట్టే చెవులు వాడివి. మెట్ల మీద అడుగు, గడ్డిలో అడుగు, గోడ అవతల తుపాకీ నింపుకుంటున్న చప్పుడు, ఒక్కటీ వదల్లేదు. పరిగెత్తాడు, గోడ దూకాడు, తిరిగి కాల్చాడు. "అదిగో, ఎడమేపు! మేడ మీద!" అని మావయ్య వాడి భుజం గుద్దుతున్నాడు. ఫర్నేస్ చప్పుళ్ళలో తేడా పట్టే మనిషి, ఆయన చెవి కూడా తక్కువది కాదు. వాళ్ళిద్దరి తలలూ ఆ చిన్న ఫోను మీద తగులుకుంటున్నాయి. వాడి పతనం చూద్దామని స్కూటీ మీద అంత దూరం వచ్చి, మా సెక్టార్లో నాకంటే బాగా ఆడేవాణ్ణి చేతులారా తయారుచేశానని అర్థమైంది.

మర్నాడు పోటీ గెలిచాం. వాడే కెప్టెన్. ఫ్లెక్సీలో వాడు నిలువెత్తున నిలబడ్డాడు, వాడి పాస్‌పోర్టు ఫోటోని సాగదీసినందుకు చెవులు రెండూ చేటలంత వచ్చాయి. నేను కుడివైపు కింద మూల, తాడు కట్టడానికి చేసిన కన్నం సరిగ్గా నా కళ్ళద్దాల్లోంచి పోయింది. చుట్టాలు వచ్చి, "మన పిల్లడే!" అని వాణ్ణి చూపించుకున్నారు. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది. అందరూ ఫ్లెక్సీ గురించే అనుకున్నారు. లడ్డూ అయితే వచ్చే ఏడు నిన్నే మధ్యలో వేయిద్దాంలే అని ఓదార్చాడు కూడా.

ఫ్లెక్సీ గురించి కాదు. మా నాన్న రోజూ సాయంత్రం ఇంటికి వచ్చేవారు, రాత్రి మా పక్కనే పడుకునేవారు, మంచివారే. కానీ ఎలా చచ్చిపోయావురా, చూపించు, అని ఎప్పుడూ అడగలేదు. ఫోను పక్కన పెట్టమనేవారు, అంతే. మా బావకి తండ్రి మెలకువగా దొరికేదే కాసేపు, ఆ కాసేపట్లో ఆయన వాడి భుజం గుద్దుతూ కేకలు వేశాడు. నాకు కాలింది అక్కడ. ఇన్నేళ్ళయింది, ఇప్పటికీ తలుచుకుంటే అక్కడే కాస్త చురుక్కుమంటుంది.

మరోదాలో ఆ రోజు ఆట మధ్యలో మావయ్య తలెత్తి నన్ను చూశాడు. ఆయన నిద్ర పాడుచేసిందీ నేనే, ఆ రాత్రి ఆయన ఫర్నేస్ ముందు ఆవలింతలతో నిలబడబోయేదీ నా వల్లే. అయినా మంచం మీద పక్కకి జరిగి, చేత్తో దుప్పటి సర్ది, "గుమ్మంలో కూకున్నావేట్రా అల్లుడా? రా, ఇటేపు సోటుంది," అన్నాడు. నేను పనుందని చెప్పి స్కూటీ ఎక్కేశాను. పనేమీ లేదు. ఇప్పుడు ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. పిలిచిందే తడవుగా వెళ్ళి, వాళ్ళిద్దరి మధ్యలో ఇరుక్కుని కూర్చోవలసింది, వెధవ.