అన్న కుడిచేయి, మామ బిగించిన గొట్టం

పోయిన వారం ప్రొద్దుటూరులో చక్కెర జబ్బు చూసే డాక్టరమ్మ దగ్గరికి పోతే, ఆ పిల్ల నన్ను కళ్లు మూసుకోమని చెప్పి, సన్నటి నైలాను పోగులాంటిది ఏదో నా అరికాలికి అక్కడొకసారి ఇక్కడొకసారి ఆనిస్తూ, తెలుస్తాందా అవ్వా, ఇప్పుడు తెలుస్తాందా అని అడగడం మొదలుపెట్టింది. తెలుస్తాంది తెలుస్తాంది అని జవాబు చెబుతూనే నేను ఏడ్చేశాను. పాపం, నొప్పి పెట్టానేమోనని ఆమె కంగారుపడింది. నొప్పి కాదమ్మా, తెలుస్తాందనే ఏడుస్తాండానని చెబితే మతి చలించిన ముసలిదాన్ని చూసినట్టు చూసింది. ఆమె తప్పేముంది. ఇంత చిన్న పరీక్ష ఎవరైనా ఒకరు సకాలంలో మా అన్న కుడిచేతికి చేసి ఉంటే ఆ చేయి దక్కేదని ఆమెకు ఎట్లా తెలుస్తుంది? ఆ చేయి ఎట్లా పోయిందో ఇన్నేళ్లలో నేను ఎవరికీ మొదటినుంచీ వరసగా చెప్పలేదు. నా ఈడు వాళ్లు మీలో ఎవరైనా ఉంటే సగం చెప్పకముందే మీకు అర్థమవుతుందన్న ధైర్యంతో ఇప్పుడు చెబుతున్నాను.

మాది జమ్మలమడుగు. కర్నూలు మనకు రాజధానిగా ఉండిన కాలమది. నాన్న మిషన్ బడిలో అయ్యవారు, అన్న అదే బడిలో లెక్కలు చెప్పేవాడు, నేను ఎస్సెల్సీ పాసై ట్రైనింగులో సీటు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉంటిని. అయ్యవార్ల ఇంట్లో తుపాకి ఏమిటని మీరు అడగవచ్చు. ఎన్నడో తన దేశానికి వెళ్లిపోతూ ఒక తెల్లదొర తన రైఫిలును మా తాతకు ఇచ్చిపోయాడట, తాత తరువాత లైసెన్సు నాన్న పేరుకూ, ఆపైన అన్న పేరుకూ మారింది. నాన్న దాన్ని ఏనాడూ ముట్టింది లేదు. అన్నకు మాత్రం అదే లోకం. పెన్న ఒడ్డు శనక్కాయ చేలల్లో అడవిపందులు పడ్డాయంటే రైతులు బండి కట్టుకొని మా వాకిట్లోకి వచ్చేవారు, ఆయన పోయి ఒక్క తూటాతో పని ముగించుకొని వచ్చి, మరునాడు ఏమీ ఎరగనట్టు పిల్లలకు భిన్నాలు చెప్పేవాడు.

కానీ ఆయన మనసు పందుల మీద లేదు. ఏటా కర్నూలులో గురి కొట్టే పోటీ ఒకటి జరిగేది. అందులో పేరు తెచ్చుకుంటే పోలీసువాళ్లకు గురి నేర్పే ఉద్యోగం వచ్చే దారి ఉందని ఎవరో పెద్ద అధికారి మాట ఇచ్చాడు. పులివెందులలో ఒక అయ్యవారి కూతురిని అన్నకు ఖాయం చేసుకొని ఉంటిమి, పోటీ అయ్యాక పెండ్లి అనుకున్నాం. అంటే ఉద్యోగమూ, పెండ్లీ, ఆయన బతుకంతా ఆ కుడిచేతి చూపుడువేలి మీదనే నిలబడి ఉండింది.

పోటీకి పోవాలంటే పాత గొట్టం పనికిరాదు. లోపల తూటాను తిప్పి పంపే గాడులు అరిగిపోయాయి. అన్న అర్జీల మీద అర్జీలు పెట్టి మద్రాసు నుంచి కొత్త గొట్టం తెప్పించుకొని, దాన్ని గోనెపట్టలో చుట్టుకొని ప్రొద్దుటూరు బస్సెక్కాడు, వెంట నేనూ పోయాను. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వెనక సందులో తుపాకులు బాగుచేసే ఒక సాయిబు ఉండేవాడు. మా నాన్నకు చిన్ననాటి స్నేహితుడు, మాకు మామ. మూడు తాలూకాల లైసెన్సు తుపాకులన్నీ ఆయన చేతిమీదుగా పోవలసిందే.

గొట్టం బిగించడమంటే మరలు తిప్పి పడేయడమని నేను అనుకొని ఉంటిని. మామ ఆముదం దీపం వెలిగించి, గొట్టం మొదలు భాగానికి నల్లగా మసి పట్టించి, తుపాకి దేహంలోకి తిప్పి మళ్లీ బయటికి తీసేవాడు. మసి ఎక్కడ చెరిగిందో అక్కడ రెండూ తగులుతున్నట్టు, ఎక్కడ నిలిచిందో అక్కడ సందు ఉన్నట్టు. తగిలినచోట ఆకురాయితో ఒక్క తుడుపు తుడిచి మళ్లీ మసి, మళ్లీ బిగింపు. పొద్దు వాలేదాకా ఇదే పని. చుట్టూ ఒకే తీరుగా మసి చెరిగిన తరువాత గానీ ఆయన తల ఎత్తలేదు. ఆయనకొక కట్టుబాటు ఉండేది. తాను బిగించిన గొట్టంతో మొదట తానే కాల్చి చూసుకొని, గురి కుదిరితేనే తుపాకి ఇచ్చేవాడు. చిలమకూరు దావలో పాడుపడిన నాపరాళ్ల గుంత ఒకటుంటే అక్కడికి తీసుకుపోయి కాల్చాడు, అట్టమీద పడిన బొక్కలన్నిటినీ ఒక్క అర్ధణా బిళ్ల కప్పేసింది. అన్న ఆ అట్టను పులివెందుల పిల్ల ఫోటో కంటే భద్రంగా దాచుకున్నాడు.

నాకు పని అప్పజెప్పింది కూడా మామే. పేలిన తూటాల ఇత్తడి తొడుగులను పారేయకుండా అన్న ఇంట్లోనే మళ్లీ మందు పోసి గుండు బిగించుకునేవాడు, దానికీ కాగితాలు తెచ్చుకొనే ఉండినాడు. మందును కంసాలి త్రాసులో గురిగింజల ఎత్తున తూచడం, ఏ తొడుగు ఎన్నోసారి వాడుతున్నామో, మందు ఏ డబ్బాదో, ఆ పొద్దు గాలి ఎటు వీస్తాందో, ఎండ ఎట్లుందో, బొక్కలు ఎంత ఎడంగా పడ్డాయో ఒక పెద్ద పుస్తకంలో గళ్లు గీసి రాయడం నా పని. మామ నాకు చెప్పిన పాఠం ఒక్కటే.

"మార్చితే ఒక్కటే మార్చల్ల పాపా. రెండు ఒగేసారి మార్చినావంటే, ఏది చెడిపిందో మనకు యాడ తెలుస్తాది?"

ఆ ఏడు వేసవి మా ఇంట్లో పండగే. పెన్న ఎండిపోయి ఇసుక తిన్నెలు పడి ఉంటే, ఎత్తయిన తిన్నెకు అట్ట ఆనించి అన్న కాల్చేవాడు, నేను జామెట్రీ పెట్టెలోని కంపాసు పట్టుకుపోయి బొక్కల ఎడం కొలిచేదాన్ని. పెండ్లి కూతురికి జాబు రాసే తీరిక లేదుగానీ గొట్టం తుడిచే తీరిక మాత్రం ఉందని అమ్మ ఎత్తిపొడుస్తుంటే, అన్న చెవులు ఎర్రబడేవి. నవ్వితే మా అన్న ఎంత బాగుండేవాడో ఇప్పుడు చెప్పడానికి సాక్షులెవరూ మిగల్లేదు.

వానలు మొదలయ్యే నాటికి బొక్కలు ఎడమవడం మొదలైంది. మొదట కొంచెమే. గాలి అనుకున్నాం. గాలి లేని పొద్దున్నే కాల్చినా అంతే. మందు చెమ్మ పట్టిందేమోనని డబ్బా మార్చాం, తొడుగులు పాతబడ్డాయేమోనని కొత్తవి తెచ్చాం, గుండ్లు మార్చాం, మామ చెప్పినట్టు ఒకసారి ఒకటే మార్చి, ప్రతిదీ రాసుకుంటూ పోయాం. పుస్తకం నిండుతోంది, బొక్కలు మాత్రం దూరమవుతూనే ఉన్నాయి. సరిగ్గా తూచలేదని అన్న నామీద విసుక్కునేవాడు, నేను అన్నం తినకుండా అలిగేదాన్ని. మా బుద్ధికి ఏమొచ్చిందో గానీ, తుపాకికి సంబంధించిన ప్రతి వస్తువుకూ ఆ పుస్తకంలో ఒక గడి ఉండిందిగానీ కాల్చే మనిషికి గడి లేదు. ఆయన ఒంటిని అనుమానించాలని ఎవరికీ తోచలేదు. ఇనుము చెడుతుంది, మందు చెడుతుంది, మా అన్న చేయి చెడడమేమిటి?

చివరికి మిగిలింది గొట్టం. మళ్లీ ప్రొద్దుటూరు పోయాం. మామ గొట్టం ఊడదీసి, మసి పెట్టి చూసి, మళ్లీ బిగించి మమ్మల్ని నాపరాళ్ల గుంతకు తీసుకుపోయాడు. ముందు అన్న వరసగా కాల్చాడు, బొక్కలు చెదిరిపోయి పడ్డాయి. అన్న కోపంగా లేచి, అప్పుడే పేలి పేలి కాలిపోతున్న గొట్టాన్ని కుడిచేత్తో పట్టుకొని తుపాకిని మామకు అందించాడు. మామ అందుకోబోయి, గొట్టం తగిలి చురుక్కుమంటే చేయి వెనక్కి లాక్కున్నాడు. అన్న మాత్రం పట్టుకొనే ఉన్నాడు. మామ ఒక్క క్షణం ఆ చేతినీ, మా అన్న మొహాన్నీ చూసి, భుజంమీది తువ్వాలు చుట్టి తుపాకి తీసుకున్నాడు. తాను కాల్చలేదు. పొద్దు పోయిందని మమ్మల్ని అంగడికి పిలుచుకొచ్చి, తల వంచుకొని ఒక మాట చెప్పాడు.

"తప్పు నాదేలే అప్పా. నాకు సూపు తగ్గింది, మసి సరిగ్గా కనపడల్యా. తుపాకి ఈడ ఇడిసిపెట్టి పో, మల్ల బిగిచ్చి పంపుతా."

మేము ఎంత సంతోషంగా ఇంటికి వచ్చామో తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. కారణం దొరికిందని అన్న దావంతా పాట పాడాడు. రాత్రి అరచేతిలో బొబ్బ చూసి అమ్మ వెన్న రాస్తూ నొప్పి లేదా నాయనా అని అడిగితే, లేదమ్మా, గట్టి చేయి అన్నాడు.

తుపాకి వచ్చింది, గురి రాలేదు. అన్న నెలల తరబడి మామనే తిట్టుకున్నాడు. తాలూకాలో తుపాకి ఉన్న ప్రతివాడికీ, ప్రొద్దుటూరు మామకు చూపు పోయింది, ఆయన దగ్గరికి పోవద్దు అని చెప్పాడు. మామ నోటితో ఒప్పుకున్న మాటే కదా, ఎవరు నమ్మరు? మామ అంగడికి గిరాకీ తగ్గింది. ఆయన ఎవరికీ ఎదురు చెప్పలేదు. మా ఇంటికి రావడం కూడా మానేశాడు. కర్నూలు పోటీకి అన్న అదే తుపాకితో పోయి, అందరికంటే కిందుగా నిలిచి వచ్చాడు. వచ్చిన కొద్ది రోజులకే నల్లబల్ల మీద రాస్తుంటే సుద్దముక్క జారిపడసాగింది. చిటికెనవేలూ ఉంగరపువేలూ లోపలికి వంగి మళ్లీ చాచుకోలేదు.

అప్పుడు నాన్న ఆసుపత్రికి తీసుకుపోయాడు. పెద్ద డాక్టరు అన్నను కళ్లు మూసుకోమని, కోడి ఈకతో వేళ్లమీద రాసి, తెలిసినప్పుడు చెప్పమన్నాడట. అన్న చాలాసేపు కళ్లు మూసుకొని కూర్చొని, ఇంకా మొదలుపెట్టలేదా అని అడిగాడట. నాన్న ఇంటికొచ్చి అమ్మకు చెబుతుంటే విన్నాను. పెద్ద రోగం. ఆ కాలంలో ఆ రోగానికి అసలు పేరు ఇళ్లల్లో పలికేవాళ్లు కాదు, మీకు తెలుసు. మాత్రలు వచ్చేశాయి, రోగం నిలిచిపోతుంది, ఇంకొకరికి అంటుకోదు కూడా, కానీ చచ్చిన నరం తిరిగి బతకదు అన్నాడు డాక్టరు. స్పర్శ తగ్గిన కొత్తలోనే వచ్చి ఉంటే వేళ్లు దక్కేవన్నాడు.

పులివెందుల నుంచి పెండ్లికూతురి మేనమామ వచ్చి, వాకిట్లోనే నిలబడి, ఇచ్చిన మంచినీళ్లు తాగకుండా, సంబంధం వద్దని చెప్పి పోయాడు. బడివాళ్లు మర్యాదగానే అన్నను ఇంటిపట్టున ఉండమన్నారు. పిల్లల తల్లిదండ్రులు ఊరుకోరు కదా అన్నారు.

సంగతి ఊరూరా పాకి ప్రొద్దుటూరు చేరినాక, మామ వచ్చాడు. నాన్న ఎదుట నేలమీద కూర్చొని, ఆ పొద్దు గుంతలో కాలే గొట్టం పట్టుకున్నప్పుడే తనకు అర్థమైందని, మేము పోయిన మరునాడు అదే గొట్టంతో తాను కాల్చి చూసుకుంటే బొక్కలన్నీ అర్ధణా బిళ్లంత చోటులోనే పడ్డాయని, చూపుకు ఏమీ కాలేదని అంతా చెప్పేశాడు. తన పినతండ్రికి అదే రోగం వస్తే ఊరవతల గుడిసెలో పెట్టి ఎట్లా చంపుకున్నారో చిన్నప్పుడు చూశాడట. తనంతట తానే తెలుసుకొని గుట్టుగా మందు తింటాడులే అనుకున్నాడట.

"పెండ్లి పెట్టుకున్న పిల్లోడు. ఆ మాట నా నోట్లోనుంచి ఎట్ల రావల్ల అప్పా? నా పేరు పోతే పోనీలే అనుకుంటి."

నాన్న మొహం గోడవైపు తిప్పుకున్నాడు. బతికున్నన్నాళ్లూ వాళ్లిద్దరూ మళ్లీ మాట్లాడుకోలేదు. లోపలి గదిలో ఉన్న అన్న మాత్రం బయటికి వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. తిడతాడని అనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను.

"అయితే మామా, నీ గొట్టం బాగుండె గదా?" అన్నాడు.

"బాగుండె నాయనా. శానా బాగుండె."

"ఊరంతా తిరిగి నీ చేతిపని చెడిందని చెప్తినే మామా" అని అన్న కూలబడి ఏడిస్తే, మామ లేచి పోయి ఆ వంగిన వేళ్లను తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. మా బంధువుల్లో ఒక్కరు కూడా అప్పటికి ఆ చేతిని ముట్టింది లేదు.

తరువాత అన్న ఆ రోగులుండే ఒక కాలనీలో పిల్లలకు లెక్కలు చెప్పడానికి పోయి అక్కడే ఉండిపోయాడు. ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు. జాబులు వచ్చేవి, నేను పోయి చూసి వచ్చేదాన్ని, ఇంటికి రమ్మంటే నవ్వేవాడు. రైఫిలును నాన్న ప్రభుత్వానికి అప్పగించేశాడు. మామ అంగడి ఏమైందని అడిగే ధైర్యం నాకు చాలాకాలం లేకపోయింది, అడిగేనాటికి అక్కడ గాజుల కొట్టు ఉండింది.

ఇప్పుడు ఆ రోగం పేరును గోడలమీద పెద్ద అక్షరాలతో రాస్తున్నారు, మాత్రలు ఊరికే ఇస్తున్నారు, మచ్చ కనబడితే ఆశా వర్కరు అమ్మాయి ఇంటికే వచ్చి మొహమాటం లేకుండా అడుగుతుంది. డాక్టర్లు ఎంత చెడ్డ మాటైనా మొహం మీదే చెప్పేస్తారు. ఈ కాలం వాళ్లకు దయాదాక్షిణ్యాలు లేవని, మన కాలంలో ఒకరి పరువు కోసం ఇంకొకరు తమ పరువు పోగొట్టుకునేవారని నా ఈడు వాళ్లు గొప్పగా చెప్పుకుంటుంటే వింటూ కూర్చుంటాను. నిజమే, అట్లాంటి మనిషిని నేను కళ్లారా చూశాను. ఆయన మీద నాకెంత గౌరవమో అంత కోపం, ఈ రెండూ నాతోనే మట్టిలో కలుస్తాయి. ఆయన కొంచెం మర్యాద తెలియని మనిషై, ఆ పొద్దు ఆ గుంతలోనే మా అన్నను చెయ్యి పట్టి ఆపి, ఇది గొట్టం కాదురా, నువ్వు ముందు ఆసుపత్రికి పో అని కసిరి ఉంటే ఎంత బాగుండేది. కర్నూలు బహుమతి రాకపోయినా, పులివెందుల పిల్ల దక్కకపోయినా, మా అన్న చివరిదాకా తన అన్నం తాను కుడిచేత్తో కలుపుకొని తినేవాడు.