గడ్డి కూరిన దూడ

మా మాదన్నపేట గల్లీలో ఏ మాటా ఆగదు. పొద్దున ఒకరింట్లో లొల్లి అయితే మధ్యాహ్నానికి దబీర్‌పురా స్టేషన్ దాకా తెలుస్తుంది. అలాంటి గల్లీ ఒక్క మాటను మాత్రం కడుపులో పెట్టుకుంది. మాకు పాలు పోసే ఆయనకు క్యాన్సర్. డాక్టర్ ఆ సంగతి ఆయన భార్యకు, కొడుకులకు చెప్పాడు. ఆమె ఏడుస్తూ మా ఆడవాళ్లకు చెప్పింది. ఆయనకు మాత్రం అల్సర్ అన్నారు. ఆయన ముందు మేమందరం అల్సర్ గురించే మాట్లాడేవాళ్లం.

నేను పేపర్లో పనిచేసి రిటైరైనవాణ్ని. తెలియజెప్పడం మంచి పని అన్న నమ్మకంతోనే ఉద్యోగమంతా గడిపాను. ఆ నమ్మకాన్ని ఎప్పుడూ తరచి చూసుకోలేదు. మేం రాసింది తెల్లారి ఎవరి గుమ్మంలోనో పడేది. చదివినవాడి మొహం మాకు కనపడేది కాదు.

తన భార్య కూరగాయలకు మార్కెట్‌కు పోయిన వేళ చూసి పాలాయన నన్ను బర్రెల కొట్టంలోకి పిలిచాడు. మనిషి సగమయ్యాడు. అయినా రెండు పూటలా పాలు తనే పిండేవాడు. అప్పుడు పిండుతున్న బర్రెకు దూడ చచ్చిపోయింది. దూడ కనపడకపోతే బర్రె చేపదు, పొదుగులోంచి పాలు దిగవు. అందుకని చచ్చిన దూడ తోలు ఎండబెట్టి, లోపల గడ్డి కూరి, దాని ముందు నిలబెట్టారు. బర్రె దాన్ని నాకుతోంది.

"అన్నా, నిన్న నా బామ్మర్ది వచ్చిండు," అన్నాడు. "పెండ్లినాడు అలిగి పోయినోడు ఇన్నేండ్లకు దానిమ్మపండ్లు పట్టుకొని వచ్చిండు. కాళ్ల దగ్గర కూసొని ఏడ్సిండు. అల్సర్‌కు గింత మర్యాదుంటదా?"

నేను నవ్వబోయి ఆగాను.

"ఈ బర్రె నమ్మిందనుకుంటున్నవా?" అని గడ్డి దూడను చూపించాడు. "మొదటి దినం మొహం తిప్పుకుంది. తోలుకు ఉప్పు రాసిన. అప్పుడు నాకింది. అది ఉప్పు కోసం నాకుతది, నేనేమో నమ్మిందనుకొని పాలు పిండుకుంట. ఇయ్యాల మా ఇంట్ల అందరు నాకు ఉప్పు రాస్తున్రు."

"ఎందుకట్లా అనుకుంటవ్ తమ్మీ?"

"పేపరోనివి, నువ్వు గూడ రాయకు. నా ఫికర్ వేరే ఉంది. నేను పోతే మా పోరగాళ్లు వీటిని సాదరు. ఒట్టిపోయినవాటిని నేరుగా కటికోనికి తోలుతరు. పురానాపూల్ దిక్కు మావోడొకడున్నడు, మంచిగ చూసుకుంటడు. నేనుండంగనే ఒప్పజెప్పాలె. టైముందా, లేదా? అదొక్కటి చెప్పు."

"లేదు. అల్సర్ కాదు, క్యాన్సర్," అన్నాను.

"చలికాలం దాటుతనా?"

"కష్టమన్నడంట డాక్టర్."

ఆయన చేతులు ఆగలేదు. పాలధార చప్పుడు అలాగే వినపడుతోంది. "మా ఇంటామెకు నేనడిగిన్నని అనకు. పాపం, మస్తు కష్టపడి అబద్ధం చెప్తున్నది," అన్నాడు.

ఆ వారంలోనే బర్రెలను తీసుకుపోవడానికి డీసీఎం వ్యాను వచ్చింది. ఒట్టిపోయిన ముసలి బర్రెలతో సహా అన్నిటినీ ఆయనే దగ్గరుండి ఎక్కించాడు. బండి కదిలేసరికి, ఆయనకు నిజం ఎవరు చెప్పారో ఆయన భార్యకు అర్థమైంది. గుమ్మంలో నిలబడి నా వైపు చూసింది.

ఆయన కోరుకున్నది జరిగింది. ఇక్కడితో కథ అయిపోతే నేను బాగానే నిద్రపోయేవాణ్ని. కానీ ఆయన చలికాలం దాటాడు. ఎండాకాలమూ వచ్చింది. కొట్టం ఖాళీ అయిన మర్నాటి నుంచి ఆయన మంచం దిగలేదు. అంతకుముందు అదే నొప్పితో చీకటి ఉండగానే లేచి తవుడు కలిపినవాడు, ఇప్పుడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నిజం తెలుసుకుని బర్రెలను కాపాడుకున్నాడు. ఆ నిజంతో మిగిలిన పొద్దు ఎలా గడపాలో ఆయనకు తెలియదు. నాకూ తెలియదు. ఇంతకాలం తెలియడమే జ్ఞానమనుకున్నాను. తెలిశాక ఏం చెయ్యాలన్నది ఎవరినీ అడగలేదు.

ఒకనాడు ఆయన భార్య మా ఇంటికి వచ్చింది.

"బర్రెలు మంచి చేతుల పడ్డయన్నా, కాదనను. మరి మనిషినేం చెయ్యాలె? నేను అబద్ధం చెప్పినన్ని దినాలు లేసి తిరిగిండు. నిజం నువ్వు చెప్పినవు. వచ్చి కూసో."

వెళ్లాను. ప్యాకెట్ పాల చాయ్ తెచ్చిచ్చింది. ఆయన ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టాడు. నా వైపు తిరిగాడు.

"నీకేం పని లేదా అన్నా?"

"లేదు."

"నాకు గూడ లేదు," అని మళ్లీ గోడ వైపు తిరిగాడు.

మర్నాడు కూడా వెళ్లాను. ఆయన కూర్చోమనలేదు, పొమ్మనీ అనలేదు. ఆయన భార్య మంచం పక్కకు కుర్చీ జరిపి, వంటింట్లోకి పోయింది.