ఎడమచేతి పైమూల కీ

1987 వేసవి చివర్లో నన్ను చిత్తూరులోని ఒక ప్రభుత్వ కార్యాలయానికి అసిస్టెంట్ ప్రోగ్రామర్‌గా వేశారు. మా ఇల్లు తిరుపతిలో. పొద్దున్నే బస్సెక్కితే చంద్రగిరి దాటేసరికి కునుకు పట్టేది, పూతలపట్టు దగ్గర మెలకువ వచ్చేది, పదికి ఐదు నిమిషాల ముందు నా కుర్చీలో ఉండేదాన్ని. ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. ఆ కార్యాలయానికి అప్పుడే వచ్చిన రెండు కంప్యూటర్లను నడిపించడం, టైపిస్టులకు వాటి మీద పని నేర్పడం నా బాధ్యత. కంప్యూటర్ తెలిసిన మనిషి ఆఫీసు మొత్తానికి నేనొక్కదాన్నే అని అందరూ అనేవారు. నేనూ నమ్మాను. చిక్కంతా అక్కడే వచ్చింది.

యంత్రాలకు ఏసీ గది ఇచ్చారు. చెప్పులు బయట విడిచి లోపలికి రావాలి. మా అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు, అందరూ ఎ.ఓ. గారు అనేవారు, ఆయన కూడా బూట్లు విప్పి మేజోళ్లతో వచ్చేవారు. అక్కడ చేసే పని మాత్రం పాతదే. ఉత్తర్వులు, మెమోలు, నోటీసులు ఇంగ్లీషులో టైపు చేయడం. రిబ్బను, కార్బను కాగితం బదులు తెర, ప్రింటరు వచ్చాయి.

మేం వాడిన ఎడిటర్‌లో ఒక సౌకర్యం ఉండేది. మళ్లీ మళ్లీ చేసే పనులను వరసగా ఒక చిన్న ఫైలులో రాసి పెట్టుకోవచ్చు. దాన్ని స్క్రిప్టు అనేవాళ్లం. ఆ స్క్రిప్టును ఒక కీకి అప్పగిస్తే, కీ కొట్టగానే పనంతా దానంతటదే జరిగిపోతుంది. ఏ కీకి ఏ స్క్రిప్టు అనేది ఒక పట్టికలో వరుసకొకటిగా రాయాలి. మెమోకు పైన ఉండే ఆఫీసు చిరునామా ఒక కీకి, "పై సూచికలను పరిశీలించిన మీదట" అని మొదలయ్యే ఇంగ్లీషు వాక్యం ఇంకొక కీకి, పేరాలకు అంకెలు వేయడం మరొక కీకి, ఇలా పది స్క్రిప్టులు రాశాను. ఆనాటి కీబోర్డు మీద ఎఫ్1 నుంచి ఎఫ్10 దాకా ఉండే ఫంక్షన్ కీలు ఇప్పటిలా పైన వరసగా ఉండేవి కావు. ఎడమ అంచున రెండు నిలువు వరసల్లో ఉండేవి. ఎఫ్1 అన్నిటికంటే పైన, ఎడమ మూలన.

ఎఫ్1కు నేను ఇచ్చిన స్క్రిప్టు పేరు "కొత్త కాగితం". తెర మీద ఉన్నదాన్ని వదిలేసి ఖాళీ మెమో నమూనా తెస్తుంది. స్క్రిప్టులు సరిచూసుకునే రోజుల్లో నాకు గంటకు ఇరవైసార్లు అది కావాల్సి వచ్చేది, అందుకే చేతికి అందేచోట పెట్టుకున్నాను. "రాసినది దాచమంటారా?" అని ఎడిటర్ ప్రతిసారీ అడిగే ప్రశ్న విసుగనిపించి, స్క్రిప్టులో దాన్ని కూడా తీసేశాను. అప్పుడు అది తెలివైన పనే అనుకున్నాను.

నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ముగ్గురు. ఇద్దరు కొత్తగా చేరిన జూనియర్లు, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టేవాళ్లు. మూడో ఆయన సీనియర్ టైపిస్టు మునిరత్నం గారు. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లుంది. మా ఆఫీసులో ఆయన వేగం ఎవరికీ లేదు. కళ్లు డ్రాఫ్టు మీద, వేళ్లు కీల మీద, ఆ రెండింటికీ మధ్య ఆయన లేనట్టే ఉండేది. అలాంటి మనిషి కంప్యూటర్ ముందు కూర్చుంటే రోజుకు రెండుసార్లు, మూడుసార్లు రాసినదంతా మాయమైపోయేది.

మొదటిసారి నేను వెళ్లేసరికి ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని ఖాళీ తెర వైపు చూస్తున్నారు. ఏ కీ కొట్టారని అడిగాను.

"కొట్టాల్సినవే కొట్టినానమ్మా. రాస్తా ఉండాను, తలెత్తి సూసేసరికి తెల్లకాగితం ఉండాది" అన్నారు.

ఎదురుగా కొట్టి చూపించమన్నాను. నేను పక్కన కూర్చుంటే ఆయన నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ ఒక పేజీ పూర్తి చేశారు. ఏమీ కాలేదు. నేను లేచి వెళ్లిన అరగంటకు మళ్లీ పేజీ పోయింది. ఇలా నెల గడిచింది. యంత్రాన్ని పరీక్షించాను, కేబుళ్లు మార్చాను, కీబోర్డు కూడా మార్చి చూశాను. జూనియర్లకు ఒక్కసారీ పోని పేజీ ఈయనకే పోతోందంటే లోపం ఎవరిదో తెలుస్తూనే ఉంది కదా అనుకున్నాను. ఆయన యంత్రం వైపు వేలు చూపిస్తుంటే, ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత గుర్తొచ్చి నాలో నేను నవ్వుకున్నాను కూడా. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

శిక్షణ ముగిశాక ఎ.ఓ. గారు ముగ్గురి మీదా రాతపూర్వకంగా రిపోర్టు అడిగారు. మునిరత్నం గారి పేరు ఎదురుగా "యంత్రంపై పనికి అనువైనవారు కారు" అని రాసి సంతకం పెట్టాను. ఒక్క వాక్యం. దాని వెంట ఏం రాబోతోందో అప్పుడు నాకు తెలియదు. టైపు పనంతా కంప్యూటర్ గదికి మారుస్తున్నందున పాత టైపు మిషను మీద మాత్రమే పనికొచ్చే పోస్టు ఇక్కడ అక్కర్లేదని, ఆ మనిషిని కుప్పం శాఖకు పంపవచ్చని ఆఫీసులో ఫైలు నడిచింది. కుప్పం అంటే జిల్లాకు ఆ చివర.

శుక్రవారం నాడు ఆ సంగతి ఆయనే చెప్పారు. సోమవారం ఆర్డరు మీద సంతకం అవుతుందట. ఆయన భార్య చిత్తూరులో టీచరు.

"ఇరవై ఏండ్లు నేనొక ఊర్లో, ఆమె ఒక ఊర్లో ఉండినామమ్మా. ఈ నాలుగేండ్లే ఇద్దరికీ ఒక పొయ్యి. మళ్లా ఈ వయసులో నేనాడ, ఆమె ఈడ అంటే ఎట్లా" అన్నారు. ఆయనే మళ్లీ, "మీరేం సేస్తారులే. మీరు సూసింది మీరు రాసినారు" అని లేచి వెళ్లిపోయారు.

ఆ మాట నన్ను వదల్లేదు. నేను నిజంగా ఏం చూశానని రాశాను? ఖాళీ తెర చూశాను. అది ఖాళీ అయ్యే క్షణం ఒక్కసారి కూడా చూడలేదు.

మరునాడు శనివారం ఏదో అర్జెంటు సర్క్యులరు వచ్చింది. చాలా ప్రతులు తీయాలి కాబట్టి టైపు మిషను మీద స్టెన్సిల్ కొట్టాలి. వరండాలో మునిరత్నం గారు తన పాత టైపు మిషను ముందు కూర్చున్నారు. ఊరికే చూస్తూ నిలబడ్డాను. ఆయన పూర్తి వేగంతో కొట్టడం నేను దగ్గరగా చూడటం అదే మొదటిసారి. టైపు మిషనులో వరుస చివరికి వస్తుంటే గంట మోగుతుంది. మోగగానే ఎడమచేయి పైకి లేచి, మూలనున్న లీవరును తోస్తుంది. కాగితాన్ని మోసే క్యారేజి కొత్త వరుసకు వస్తుంది. ఆయన కళ్లు డ్రాఫ్టు మీదే ఉన్నాయి. గంట, చేయి. గంట, చేయి. చాలాసేపు చూశాక గమనించాను. ఆ చేయి లేచి వెళ్తున్న చోటు ఎడమ పైమూల. నా కీబోర్డులో అక్కడ ఉన్నది ఎఫ్1.

ఆయన్ను కంప్యూటర్ గదిలోకి రమ్మన్నాను. ఆ సర్క్యులరే ఇచ్చి, స్టెన్సిల్ మీద ఎలా కొట్టారో అలాగే, నేను లేననుకుని కొట్టమన్నాను. మొదట తడబడ్డారు. రెండో పేరాకు వేగం అందుకున్నారు. ఈ ఎడిటర్‌లో వరుస దానంతటదే మారుతుంది, గంట లేదు. అయినా ముప్పై ఏళ్లుగా వరుసలు కొట్టిన చేతికి గంట అవసరమేముంది? అరవై ఐదో అక్షరం దగ్గరో, డెబ్బయ్యో అక్షరం దగ్గరో చేయి లేచింది. మూలన తగిలింది. తెర తెల్లబడింది.

ఇద్దరం ఆ చేతిని చూశాం. ఆయన దాన్ని తప్పు చేసిన పిల్లాణ్ణి లాక్కున్నట్టు వెనక్కి లాక్కున్నారు.

"నా సెయ్యే సేసిందన్నమాట" అన్నారు.

"కాదు సార్. ఆ కీకి ఆ పని ఇచ్చింది నేను" అన్నాను.

నెమ్మదిగా కొట్టినప్పుడు చేయి ఆయన అదుపులో ఉండేది, వేగం అందుకుంటే అలవాటు అదుపులో. ఒక పేజీ పోయాక భయంతో చాలాసేపు నెమ్మదిగా కొట్టేవారు, అందుకే రోజుకు రెండు మూడుసార్లే పోయేది. నేను పక్కన ఉన్నంతసేపూ ఆయన జాగ్రత్తపడేవారు. అందుకే నాకు కనబడలేదు. మద్దెల నిజంగానే ఓటిది. తయారు చేసింది నేనే.

నేరుగా ఎ.ఓ. గారి దగ్గరికి వెళ్లి రిపోర్టు వెనక్కి తీసుకుంటానని చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇచ్చిన రిపోర్టు వాపసు తీసుకుంటే, రేపు నువ్విచ్చే రిపోర్టు ఎవరు నమ్ముతారమ్మా?" అన్నారు.

తప్పు నాదని రాసిస్తానన్నాను.

"రాస్తే నీ మీదికి వస్తాది. ప్రొబేషన్లో ఉండావు, తెలుసు కదా."

తెలుసు. రాయడానికి కూర్చున్నాక మూడు డ్రాఫ్టులు చించాను. మొదటి రెండింటిలో యంత్రం, శిక్షణకు ఇచ్చిన వ్యవధి, కీబోర్డు కొలతలు అన్నీ వచ్చాయి, నేను మాత్రం రాలేదు. మూడోది రెండు వాక్యాలు: "పేజీలు పోవడానికి కారణం శ్రీ మునిరత్నం కాదు. కీలకు స్క్రిప్టులు కేటాయించడంలోనూ, హెచ్చరిక ప్రశ్నను తొలగించడంలోనూ నేను చేసిన పొరపాటు." సాయంత్రం ఐదింటికి ఎ.ఓ. గారు దాన్ని ఫైలులో పెట్టి, బదిలీ ప్రతిపాదన నిలిపేశారు. పది రోజులకు నా సంజాయిషీ కోరుతూ మెమో వచ్చింది. నా ప్రొబేషను ఆరు నెలలు పొడిగించారు.

పట్టిక ఆ శనివారమే మార్చాను. "కొత్త కాగితం" స్క్రిప్టును రెండు చేతులతో రెండు కీలు కలిపి నొక్కితే తప్ప పని చేయని చోటికి తరలించి, ప్రశ్నను తిరిగి పెట్టాను. ఎఫ్1ను ఖాళీగా వదిలేయవచ్చు. జూనియర్ ఒకరు ఆ కీ మీద అట్టముక్క అతికిద్దామన్నారు. నాకు అది సరిపడలేదు. వరుసకొకసారి అంత నమ్మకంగా వచ్చే చేతికి ఏదో ఒక పని ఇవ్వాలనిపించింది. ఎఫ్1కు కొత్త స్క్రిప్టు రాశాను: అప్పటిదాకా కొట్టినదంతా డిస్కులో దాచు, ఒకసారి మోగు. అంతే.

సోమవారం మునిరత్నం గారు కూర్చున్నారు. మొదటి వరుస చివర చేయి వెళ్లింది, యంత్రం కూసింది. ఆయన ఒక్క క్షణం ఆగి, మళ్లీ కొట్టసాగారు. దాచడానికి యంత్రానికి ఒక రెప్పపాటు పట్టేది. క్యారేజి వెనక్కి రావడానికీ అంతే పట్టేది కాబట్టి ఆ ఆగడం ఆయనకు తెలియనే లేదు. పేజీ అయ్యాక, "ఇప్పుడు బదులు పలకతా ఉండాది" అన్నారు.

రెండు మూడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా కరెంటు పోయింది. రెండు యంత్రాలూ ఆరిపోయాయి. కరెంటు వచ్చాక చూస్తే ఒక జూనియర్ పొద్దుట్నుంచీ కొట్టిన నాలుగు పేజీలు లేవు. దాచుకోవాలని నేను ఎన్నిసార్లు చెప్పినా మరిచిపోయేవాడు. పక్క యంత్రంలో మునిరత్నం గారిది సగం వరుస పోయింది. ఎ.ఓ. గారు బూట్లు విప్పి లోపలికొచ్చి రెండు తెరలూ చూశారు. ఆ వారమే సర్క్యులరు తీశారు. ఇకమీదట టైపిస్టులందరూ ప్రతి వరుస చివరా ఎఫ్1 కొట్టాలి. ఆ సర్క్యులరు టైపు చేసింది మునిరత్నం గారే.

ఆయన మూడేళ్లూ చిత్తూరులోనే చేసి రిటైరయ్యారు. నేను ఆ తర్వాత చాలా ఆఫీసుల్లో చాలామందికి కీలు కేటాయించాను. ఎక్కడా మొదటే వెళ్లి తెర ముందు కూర్చోలేదు. పని చేసేవాళ్లను వాళ్ల పాత పరికరం దగ్గరే, వాళ్ల వేగంతోనే చేయనిచ్చి, చేతులు ఎటు వెళ్తున్నాయో ఒక పూట చూసేదాన్ని. పట్టిక రాయడం ఆ తర్వాత పది నిమిషాల పని.

నా సర్వీసు పుస్తకంలో ఆ ఆరు నెలల పొడిగింపు ఇప్పటికీ ఉంది. రిటైరయ్యే ముందు, అప్పీలు చేసుకుంటే దాన్ని తీసేస్తారని ఒకరు సలహా ఇచ్చారు. చేసుకోలేదు. ఆ పుస్తకంలో అది సరిగ్గా రాసిన పద్దు.