మా గేదె నెమరు ఆపేసిన రోజు

మా చిన్నప్పుడు... పెడన పక్కన మా ఊళ్ళో పొద్దున్నే వీధి పొడవునా పడుగు పరిచేవాళ్ళు. పడుగంటే మగ్గం మీద నిలువుగా సాగే దారాలు. అవి తెగకుండా ఉండాలంటే అన్నం గంజి పట్టించాలి. అమ్మ గంగాళం నిండా చిక్కగా కాచేది, నాన్న కుంచెతో పూసేవాడు. చినుకు పడిందా... ఆ పూటకి పని ఆగినట్టే.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఒక్కచోట కుదురుగా కూర్చుంటే ఒట్టు. అన్నం కూడా తిరుగుతూనే తినేదాన్ని. "కాళ్ళకి చక్రాలు కట్టుకుని పుట్టావే" అనేది అమ్మ.

అలాంటి నాకు మా గేదె రత్తాలంటే ప్రాణం... దాని తీరంటే మాత్రం మహా చిరాకు. గడ్డి తినడానికి ఓ గంట, తిన్న గడ్డినే మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని నమలడానికి మూడు గంటలు. దాన్ని కాలవకి తోలుకెళ్దామని నేను కట్టుగొయ్య చుట్టూ తిరుగుతుంటే, అది కళ్ళు సగం మూసుకుని దవడ ఆడిస్తూ కూర్చునేది.

కడుపుల సంగతి నాకు బాగా తెలుసని నా గొప్ప. కోడిని కోసిన రోజు కందనకాయ చీల్చి లోపలి ఇసుక, గులకరాళ్ళు కడిగేది నేనే. దానికి పళ్ళు లేవు కాబట్టి ఆ రాళ్ళతోనే గింజలు నూరుకుంటుందని అమ్మ చెప్పింది. బోటీ తెచ్చిన ఆదివారం చూస్తే మేక పొట్టలో ఒక ముక్క తువ్వాలులా, ఒకటి తేనెపట్టులా, ఇంకొకటి పుస్తకం పేజీల్లా ఉండేది. గేదెకీ అంతేనట... నాలుగు అరలు. నాలుగు అరలు, రెండుసార్లు నమలడం... పాపం ఎంత చాకిరీ అనిపించేది.

ఓ రోజు గంజి కాచి దించారో లేదో, చినుకులు మొదలయ్యాయి. పడుగు చుట్టేశారు. వాన తగ్గాక నాన్న నూలు తేవడానికి, అమ్మ బట్టలు ఉతకడానికి వెళ్ళారు. వసారాలో గంగాళం నిండా గంజి. గంజి నమలక్కర్లేదు కదా... మింగితే చాలు. రత్తాలుకి ఒక పూట పని తప్పుతుంది, మేమిద్దరం తొందరగా కాలవకి పోవచ్చు. నా తెలివికి నేనే మురిసిపోయి గంగాళం దాని ముందుకి ఈడ్చాను. అడుగు దాకా నాకేసింది. కడిగి బోర్లించేశాను. గంజి పులిసిపోతుందని నాన్న పారబోశాడని అమ్మ, అమ్మే పారబోసిందని నాన్న అనుకున్నారు.

మధ్యాహ్నానికి రత్తాలు నెమరు ఆపేసింది. ఎడమ డొక్క ఉబ్బింది. పచ్చగడ్డి వేస్తే మూతి తిప్పేసింది. పళ్ళు కొరుకుతూ అలాగే నిలబడింది.

ఇంట్లోకి, పెరట్లోకి, వాకిట్లోకి... ఎన్నిసార్లు తిరిగానో. చెబితే అమ్మ వీపు చీరేస్తుంది. చెప్పకపోతే... ఆ పైది ఆలోచించలేక బిందె దగ్గరికెళ్ళి నీళ్ళు తాగేదాన్ని. దాహం లేకపోయినా తాగేదాన్ని.

నాలుగింటికి నాన్న పశువుల డాక్టరు గారిని తీసుకొచ్చాడు. ఆయన గొట్టం చెవులకి పెట్టుకుని ఎడమ డొక్క మీద ఆనించి చాలాసేపు విన్నారు.

"లోపల నిమిషానికోసారైనా ఉరిమినట్టు వినపడాలండీ. ఏమీ లేదు. ఏం తిన్నదిది?"

"రోజూ వేసే గడ్డేనండీ" అంది అమ్మ.

నాన్న మాత్రం నసిగాడు. "మగ్గం దగ్గర ఇనప తీగ ముక్కొకటి కనపడట్లేదండీ... గడ్డిలో పడి మింగేసిందేమోనని."

"తీగయితే దీన్ని అడుగు కూడా నడిపించకూడదు. బండెక్కించి బెజవాడ తీసుకెళ్ళి పొట్ట కోయాల్సిందే" అన్నారాయన. "నోరులేని జీవం కదండీ... చూసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పాలి."

నాన్న బండి కోసం అప్పటికే చెప్పులు వేసుకున్నాడు.

"గంజి నేనే పెట్టాను... గంగాళం గంజీ" అన్నాను.

ఆయన తిట్టలేదు. "ఎప్పుడమ్మా?" అన్నారు. పదింటికి అన్నాను. గడియారం చూసుకున్నారు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తే.

వంటసోడా నీళ్ళలో కలిపి గొట్టంతో దాని గొంతులో పోస్తూనే నాకు చెప్పారు. "అది గడ్డి అరిగే పొట్టమ్మా. లోపల కంటికి కనపడని పురుగులు గడ్డిని నానేసి అరిగిస్తాయి. ఒకేసారి ఇంతన్నం పడితే అంతా పులిసిపోద్ది. నమిలేటప్పుడు ఊరే ఉమ్మే ఆ పులుపుని విరిచేది. నువ్వు తప్పిద్దామనుకున్న పనే దానికి మందు."

డొక్క రుద్దుతూ నెమ్మదిగా నడిపించమన్నారు. నాన్న ఒక పక్క, నేను ఒక పక్క... వీధి ఆ చివర నుంచి ఈ చివరకి. నాన్న ఒక్క మాట అడిగాడు.

"పెట్టావు సరే... నాలుగింటి దాకా ఎందుకు చెప్పలేదే?"

నాలుగు దెబ్బలు వేసినా బాగుండేది.

మర్నాడు తెల్లారగానే పాకలోకి పరిగెత్తాను. రత్తాలు పడుకుని ఉంది. దాని మెడ కింద నుంచి ఓ ముద్ద పైకి పాకింది... దవడ పక్కకి జరిగింది. దాని పక్కనే పేడలో కూలబడి ఏడ్చేశాను. అమ్మ పిలిచినా లేవలేదు.

మగ్గం, గేదె రెండూ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు బెజవాడ పటమటలో ఉంటున్నాం. మా వీధి చివర చెత్తకుండీ దగ్గర ఆవులు అన్నాన్ని ప్లాస్టిక్ కవరుతో సహా మింగేస్తుంటాయి. నేనూ రోజూ చూస్తూనే వెళ్ళిపోతుంటాను. మొన్న వాటిలో ఒకటి పొట్ట ఉబ్బి రోడ్డు పక్కన పడిపోయింది. ఎవరో ఫోన్ చేస్తే డాక్టరు వచ్చారు. "ఇదేం తిన్నదండీ?" అని చుట్టూ చూశారు. ఇంతమందిమి నిలబడ్డాం... ఎవరి ఆవో, ఏం తిన్నదో చెప్పేవాళ్ళు ఒక్కరూ లేరు.

మీరూ చిన్నప్పుడు ఇలా చేసి, చెప్పలేక దాచినదేదైనా ఉంటే కింద రాయండి... ఎంతసేపు దాచారో కూడా రాయండి. నేను ఆరు గంటలు దాచాను.