నల్ల చుక్కల పెంకు

గోదావరిఖనిలో మా ఇంటి పెరట్లో ఒక చలికాలమంతా కుండ పెంకులు ఎండాయి. గోదావరి ఒడ్డున పాతదిబ్బ తవ్వడానికి వచ్చినవాళ్లు మా ముందుగది అద్దెకు తీసుకున్నారు. ఆ పెంకులు కడిగి, ఎండబెట్టి, రకాలుగా వేరుచేసే పని నాకు దొరికింది. మా అమ్మను నేను అవ్వ అనేదాన్ని. ఆమె తన నులకమంచం కూడా పెంకులకే ఇచ్చేసి చాప మీద కూర్చునేది.

తవ్వకానికి పెద్ద అయిన మేడం నాకు ఒక గుర్తు చెప్పింది. ద్రాక్షసారాతో రోము దేశం నుంచి ఓడల్లో వచ్చిన జాడీలు కొన్నింటి మట్టిలో అగ్నిపర్వతపు ఇసుక ఉంటుందట, మిరియాల పొడి చల్లినట్టు నల్లగా. అది విన్నది మొదలు అవ్వ నా ప్రాణం తీసింది. ఆమె ఎన్నడూ సముద్రం చూడలేదు.

"గా ఓడల వచ్చిన పెంకు దొరికితె ముందుగాల నాకే సూపియ్యాలె బిడ్డా" అనేది.

ఒకరోజు మంచం మీద ఎర్ర పెంకు, ఒళ్లంతా నల్ల చుక్కలు! పరుగున తెచ్చి అవ్వ చేతిలో పెట్టాను. చెంపకు ఆనించుకుని మురిసిపోయింది. తర్వాత గొప్పగా మేడంకు చూపించాను. ఆమె తడిగుడ్డతో తుడిచింది. చుక్కలన్నీ గుడ్డకు వచ్చేశాయి. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ చేసినప్పుడు ఎగిరొచ్చిన బొగ్గు దుమ్ము, తడి ఆరని పెంకుకు పట్టుకుంది. దులపకుండా దండెం మీది చీర కూడా తీయని దాన్ని, పెంకు దగ్గర ఒళ్లు మరిచాను.

అవ్వ పడీపడీ నవ్వింది. "గిది సముద్రం దాటి రాలే, మన గోడ దుంకి వచ్చింది" అంది. నేను మూతి ముడుచుకోవడం చూసి, "ఫికర్ చెయ్యకు, అసలుది దొరుకుతది. నేనేడికి పోత?" అని వీపు నిమిరింది.

ఆ ఎండాకాలమే అవ్వ పోయింది.

అసలుది మరుసటి ఏడు దొరికింది. కడిగాను, తుడిచాను, విరిగిన అంచును భూతద్దంలో చూశాను. నలుపు మట్టి లోపలే ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను పెరటి వైపు తిరిగి, పిలవబోయి ఆగిపోయాను.

ఇప్పుడు హైదరాబాదులో, తలుపులు మూసిన గదిలో ఇదే పని చేస్తున్నాను. ఇక్కడ పెంకుల మీద ఏ దుమ్మూ వాలదు. నల్ల చుక్కలది వస్తే ముందు బొటనవేలితో రుద్దుతాను. నలుపు అంటకపోతే నా పని ఫలించినట్టే. అయినా వేలు తిప్పి చూసుకునే ముందు ప్రతిసారీ, ఈ ఒక్కసారికి నల్లబడి ఉంటే బాగుండునని అనిపిస్తుంది.