పది నిమిషాల లింకు

సిద్దిపేటలో మేము కిరాయికి ఉంటున్న ఇంటి యజమానురాలు రిటైరైన టీచరు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, బదిలీ అయిన ప్రతి ఊళ్లోనూ నాట్లు వేసే ఆడవాళ్ల పాటలు రికార్డు చేసి దాచుకున్నారు. మెమరీ కార్డులు రెండు పాడైపోయేసరికి భయపడి నా దగ్గరికి వచ్చారు. నేను ఇంట్లోనే కూర్చుని ఒక హైదరాబాదు కంపెనీకి వెబ్‌సైట్లు తయారుచేస్తాను. పాటలన్నీ క్లౌడ్‌లో పెట్టి, కావలసినవాళ్లు ఫోను నంబరుతో లాగినై దించుకునేలా ఆమెకొక చిన్న సైటు చేసిచ్చాను.

ఫైళ్లను అందరికీ తెరిచి పెట్టడం నాకు అలవాటు లేదు. ఎవరైనా డౌన్‌లోడ్ నొక్కితే, ఆ పాట ఒక్కదానికే పనిచేసే లింకు అప్పటికప్పుడు తయారవుతుంది. పది నిమిషాలు దాటితే అది చెల్లదు. కంపెనీలో అలాగే చేస్తాం కాబట్టి ఇక్కడా అలాగే చేశాను.

కొన్ని వారాల తర్వాత, సైటును ఎవరెవరు వాడుతున్నారో చూద్దామని రికార్డు తెరిచాను. ఒకే పాట తాలూకు పాత లింకును ఎవరో దాదాపు రోజూ మధ్యాహ్నం పూట నొక్కుతున్నారు. గడువు తీరిందన్న జవాబే ప్రతిసారీ వెళ్తోంది. ఏదో కంప్యూటర్ ప్రోగ్రాం పని అనుకున్నాను. కానీ ఒకరోజు ఒంటిగంటకు, ఒకరోజు రెండింటికి, కొన్ని రోజులు అసలే లేదు. ప్రోగ్రాం ఇలా చేయదు. ఎవరో తెలుసుకోవాలనిపించింది.

ఆ లింకు ఏ నంబరుతో లాగినైనవాళ్లు తీసుకున్నదో సైటులో ఉంది. ఫోన్ చేస్తే, ప్రజ్ఞాపూర్‌లో బట్టల దుకాణంలో పనిచేసే అమ్మాయి ఎత్తింది.

"నొక్కేది నేను కాదక్కా, మా అవ్వ. గా పాట పాడింది ఆమెనే. నా ఫోన్ల దిగినంక లింకు అవ్వకు పంపిన. పొలంకాడ బువ్వ తిన్నంక తోటోళ్లకు వినిపిద్దామని నొక్కుతదట. నెట్టు అందుతలేదు అనుకుంటుంది."

నాకు సిగ్గేసింది. పాడిన మనిషికే పాట అందకుండా చేసినదాన్ని నేనే. లాగిన్ అవసరమా అని టీచరమ్మను అడిగితే, వద్దే వద్దన్నారు. ఆ సాయంత్రమే సైటు మార్చాను. ఇప్పుడు ప్రతి పాటకూ ఎప్పటికీ మారని పేజీ ఉంటుంది. దాన్ని ఎవరు ఎప్పుడు తెరిచినా, లోపల కొత్త లింకు దానంతటదే పుడుతుంది.

కొత్త పేజీ పంపి ఊరుకోవచ్చు. కానీ ఆ అవ్వను చూడాలనిపించి, టీచరమ్మతో కలిసి మద్దూరు దగ్గర ఆమె ఊరికి బస్సులో వెళ్లాను. కలుపు తీసే ఆడవాళ్లు గట్టు మీద కూర్చుని తింటున్నారు. అవ్వ చెయ్యి కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, ఫోను నాకిచ్చింది. నేను తీసుకోకుండా, దానికి కొత్త పేజీ పంపి, ఆమెనే నొక్కమన్నాను.

పాట వచ్చింది. తినేవాళ్లు తినడం ఆపారు. ఒకామె గొంతు గుర్తుపట్టి నవ్వింది. పాడినామె మాత్రం నవ్వలేదు. పరీక్ష పేపరు దిద్దేవాళ్లలా తల వంచి చివరిదాకా వింది.

"గీడ ఒక మాట తప్పువోయింది," అంది. రికార్డు చేసినప్పుడు దగ్గు వచ్చి ఆ మాట మింగేసిందట. మళ్లీ పాడతానంది. పాతది తీసెయ్యమంటారా అని అడిగాను.

"ఉండనియ్యి బిడ్డా. గదీ నేను పాడిందే గద."

టీచరమ్మ రికార్డు చేయడానికి ఫోను సర్దుకుంటుండగా, ఆమె నావైపు తిరిగింది.

"నేను పాడింది ఏడుంటది?"

ముంబైలో ఒక కంపెనీ కంప్యూటర్లలో అన్నాను. సెట్టింగుల్లో నేను ఎంచుకున్నది ఆ ఊరి పేరే.

"నువ్వెన్నడన్న పోయి చూసినవా?"

లేదన్నాను. ఇన్నేళ్లుగా ఎవరెవరి ఫైళ్లో అక్కడికి పంపుతున్నాను. అది ఏ వీధిలో ఉందో, బయట ఏ బోర్డుందో ఎన్నడూ ఆలోచించలేదు. ఆమె ఇంకేదో అడగబోయింది కానీ, టీచరమ్మ చెయ్యి ఎత్తగానే గొంతు సవరించుకుని పాట అందుకుంది.