విల్ఫ్ కాగితం అంటించిన గోడ

థెల్మా ఆక్రాయిడ్ ఇంగ్లండులోని హ్యాలిఫాక్స్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు బడిపిల్లలకు వండిపెట్టింది. పని మానేసిన ఏడాదే ఆమె భర్త విల్ఫ్‌కు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఇంటి పనీ ఆమెదే, అతని పనీ ఆమెదే. అయినా ఏటా ఏప్రిల్‌లో ఇద్దరూ తూర్పు తీరంలో మా కారవాన్ల మైదానానికి వచ్చేవారు. కారవాన్ అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు; వాళ్ళదానికి ముప్పై ఏళ్ళు. నాది దాని పక్కనే.

ఒక ఏడు తలుపు తీయగానే తడిసిన గోనెసంచి వాసన గుప్పుమంది. థెల్మా ముందు కిటికీ కింద గోడను బొటనవేలితో నొక్కింది. వేలు లోపలికి దిగిపోయింది.

"విల్ఫ్, గోడ మెత్తబడింది."

"చలికాలమంతా మూసుంచాం కదే. గాలి తగిలితే అదే ఆరుతుంది."

"వేలు దిగిపోతుంటే ఆరడమేంటి, నీ మొహం!"

నేను నా చెమ్మ మీటరు తెచ్చాను. అంకె పదిహేను లోపుంటే గోడ పొడిగా ఉన్నట్టు, ముప్పై దాటితే లోపలి చెక్క చెడినట్టు. అక్కడ నలభై దాటింది. వెనక మంచం మూల ముప్పై రెండు చూపించింది.

మరమ్మతు చేసేవాడు జూలై దాకా రాలేనన్నాడు. అందాకా ఆగితే ముందు గోడ నిలవదు. చేసేది లేక థెల్మాయే స్క్రూడ్రైవరు పట్టుకుంది. విల్ఫ్ బయట మడతకుర్చీలో కూర్చున్నాడు.

"ముందు బయటి రేకు పట్టీ విప్పు. నీళ్ళు దిగేది అక్కణ్ణించే. స్క్రూల తలలు చెడగొట్టకు."

"కూచుని చెప్పడానికేం, మహారాజా."

స్క్రూలు తుప్పు పట్టి నాలుగు విరిగాయి. పట్టీ వెనక ఎండి గట్టిపడిన పాత జిగురు గీకేసరికి సాయంత్రమైంది. మర్నాడు లోపలి గోడకాగితం లాగింది. దాని కింద ఇంకో కాగితం. దాని కింద లప్పం. ఆ కింద వెండిరంగు టేపు. అంతా విల్ఫ్ చెయ్యి బాగున్న రోజుల నాటి పనితనమే. ఆమె బయటికొచ్చింది.

"ఇదంతా ఎప్పుడు చేశావ్?"

విల్ఫ్ సముద్రం వైపు చూశాడు.

"మసిపూసి మారేడుకాయ చేశావు కదయ్యా. ఎప్పుడని అడుగుతున్నా."

"మొదటిసారా? పదకొండేళ్ళయ్యుంటుంది."

"నాతో ఒక్క ముక్క చెప్పలేదే?"

"చెబితే అమ్మేద్దాం అనేదానివి."

"అవును. అనేదాన్ని."

"అందుకే మరి."

ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. కోపానికి కూడా ఒంట్లో సత్తువ ఉండాలి. టీ పెట్టనా అని నేనడిగితే, "పెట్టు, పంచదార రెండు చెంచాలెయ్యి" అని మళ్ళీ లోపలికెళ్ళింది.

కుళ్ళిన చెక్కను పాత రొట్టెకత్తితో తవ్వి బకెట్లో వేసింది. అది నల్లగా, నానిన గడ్డిలా ఊడొచ్చింది. తర్వాత చెమ్మ పీల్చే యంత్రం పెట్టి, రోజూ పొద్దున్నే అందులోని నీళ్ళు కంచె దగ్గర పారబోసేది. రెండు రోజులు సముద్రం మీంచి పొగమంచు కమ్మి, ఆరిందంతా మళ్ళీ చెమర్చింది.

"ఇంక చాల్లే, చెక్క బిగించెయ్" అన్నాడు విల్ఫ్ మూడో రోజు.

"ఇరవై ఎనిమిదుంది. మళ్ళీ నీ తొందరేనా?"



ఏడో రోజుకు పద్నాలుగుకు దిగింది. కొత్త చెక్క కోసేటప్పుడు రెండో కొసను విల్ఫ్ ఎడంచేత్తో పట్టుకున్నాడు. పట్టు జారి కోత వంకరపోయింది. ఆమె ఇంకో చెక్క తీసింది. గోడ మూసి, బయట కొత్త జిగురు పట్టీ అంటించి, రేకు బిగించేసరికి ఇంకో మూడు రోజులు పట్టింది.

ఆ వారాంతంలోనే వాన దంచింది. గాలికి అడ్డంగా కొట్టే సముద్రపు వాన. నేను తడుస్తూ వెళ్ళేసరికి థెల్మా నేల మీద కూర్చుని, అరచెయ్యి గోడకు ఆనించి ఉంది.

"పొడిగా ఉందా?" అని అడిగాను.

"ఉంది."

"ఇంకేం, గెలిచావు! వెనక మూల కూడా చేసెయ్" అన్నాడు విల్ఫ్.

"నా వల్ల కాదు."

"నేను చెబుతుంటాగా, నువ్వు మెల్లగా..." అన్నాడు విల్ఫ్.

"వద్దు విల్ఫ్."

ఆ వేసవంతా వెనక మంచం వాడకుండా ముందు బల్లల మీదే పడుకున్నారు. సెప్టెంబరులో కారవాన్ అమ్మకానికి పెడితే ఒక వడ్రంగి చూడటానికి వచ్చాడు. థెల్మా అతన్ని నేరుగా వెనక మూలకే తీసుకెళ్ళి, "ఇది కుళ్ళింది, చూసుకో" అని చెప్పింది. అయినా అతను కొనుక్కున్నాడు. అతను కారవాన్ లాక్కెళ్తుంటే విల్ఫ్ తమ కారు దిగలేదు.

వారం తర్వాత థెల్మాకు ఫోన్ చేసి విల్ఫ్ ఎలా ఉన్నాడని అడిగాను.

"రెండ్రోజులు మాట్లాడలేదు. నిన్నటినుంచి కూర ఉప్పెక్కువైందని సణుగుతున్నాడు" అంది. "నేనైతే నిద్రపోతున్నా. మధ్యాహ్నం కూడా."